ఆ మూడు రోజులు

మొన్న మన సంఘం ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక, పులిహోర లైను మొదలయ్యేలోపు పెట్టిన ఆట గుర్తుండే ఉంటుంది. పిల్లల ఫోన్లో స్క్రీన్ టైమ్ పేజీ తెరిచి తల్లిదండ్రులు వేదిక మీద చూపించాలి. అందరికంటే తక్కువున్నవాళ్లకి గిఫ్ట్ కార్డు. సరదాకే పెట్టారు, కాదనను. 14 ఏళ్ల పిల్ల ఒకతిది రోజుకి 9 గంటలని తేలింది. "మా ఇంట్లో ఫోనే పెద్ద కూతురండీ" అని తల్లి మైకులో అనగానే హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. వీడియో తీసి మన వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా నేనే.

ఆ పిల్ల భోజనానికి రాలేదు. చెత్త సంచులు పడేద్దామని పార్కింగులోకి వెళ్తే, పట్టు పావడాతో కారు వెనక సీట్లో ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో ఫోన్ కూడా లేదు, అది ఇంకా తల్లి దగ్గరే ఉంది. గ్రూపులోంచి వీడియో తీసేశాను. అప్పటికే చూడాల్సినవాళ్లంతా చూసేశారు.

నేను తొమ్మిదో తరగతి తెనాలిలో చదివాను. క్వార్టర్లీ లెక్కల్లో 31. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కావాలి. మూడు రోజులు దాన్ని సోషల్ పుస్తకం అట్టలో దాచాను. ఆయన కాఫీ తాగాక చెబుదామా, అమ్మ చేత చెప్పిద్దామా అని ఎన్ని రిహార్సల్సో! నాలుగో రోజు పొద్దున ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే అందించాను. వీపు మీద రెండు పడ్డాయి, కార్డు మీద సంతకమూ పడింది. సాయంత్రం వస్తూ జంతికల పొట్లం తెచ్చారు. దాని గురించి ఎవరం ఏమీ అనుకోలేదు. దెబ్బల్ని వెనకేసుకు రావడం లేదు గానీ, ఆ జంతికల రుచి ఇంకా గుర్తుంది.

మా అబ్బాయికి ఆ మూడు రోజులు లేవు. టీచర్ కెమిస్ట్రీ క్విజ్ మార్కు స్కూలు వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్లో ఎక్కించగానే నా ఫోన్ టింగుమంటుంది. నేను మీటింగులో, వాడు లంచ్‌లో. "62 ఏంటి?" అని మెసేజ్ కొడతాను. తన మార్కు వాడికి నా ద్వారా తెలుస్తుంది! ఒకసారి 98 వచ్చింది. సాయంత్రం ఏమీ చెప్పలేదేంరా అంటే, "నువ్వు చూసే ఉంటావుగా" అన్నాడు. నాకు గుచ్చుకున్నది 62 కాదు, ఆ మాట.

గాలికొదిలేయమనడం లేదు. వివేక్ మూర్తి గారు అమెరికా ప్రభుత్వానికి సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యం మీద దేశానికి సలహాలిచ్చే పెద్ద డాక్టరుగా ఉండగా 2023లో హెచ్చరించారు: రోజుకి 3 గంటలు దాటి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకి దిగులు, ఆందోళనల్లాంటి సమస్యల ముప్పు రెట్టింపని. 9 గంటలంటే ఆ తల్లి భయం అబద్ధం కాదు. 1966లో బర్క్‌లీ యూనివర్సిటీలో సైకాలజిస్టు డయానా బామ్‌రిండ్ మెచ్చుకున్న పెంపకంలోనూ హద్దులు గట్టిగానే ఉంటాయి. కాకపోతే ఎందుకో చెప్పాలి, వాళ్లు చెప్పేదీ వినాలి. హద్దులు మనకి వెన్నతో పెట్టిన విద్య. వినాల్సిన టైములోనే యాప్ చూస్తుంటాం.

మనలో సగం మంది ఇంటర్ హాస్టళ్లలో వారంవారం నోటీసు బోర్డు మీద ర్యాంకు వెతుక్కుంటూ పెరిగాం. ఆ బోర్డునే తెచ్చి ఉగాది వేదిక ఎక్కించాం. అందుకే మనకి తప్పనిపించలేదు.

కమిటీ వారికి మనవి. దీపావళికి మళ్లీ ఆ ఆట పెట్టాలనిపిస్తే పిల్లలవి వద్దు, పెద్దవాళ్లవి చూపిద్దాం. ముందు నాది పెట్టండి: 7 గంటల 12 నిమిషాలు. ఆ పిల్ల తల్లిదండ్రులకి ఫోన్ చేసి క్షమించమన్నాను. అసలు అడగాల్సింది ఆ పిల్లని. ఇంకా అడగలేదు.

పోర్టల్ అలర్టులు ఆపేసి ఆరు వారాలైంది. మధ్యలో రెండుసార్లు దొంగచాటుగా తెరిచిన మాట కూడా నిజమే. మొన్న గురువారం రాత్రి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ మావాడు, "నాన్నా, హిస్టరీ టెస్టు పోయింది" అన్నాడు. ఎంతొచ్చిందని అడగబోయి మంచినీళ్లు తాగాను. ముప్పావు గంట మాట్లాడాడు. సగం టెస్టు గురించి, సగం ఈమధ్య వాడితో మాట్లాడటం మానేసిన ఫ్రెండు గురించి. ఆ ఫ్రెండు సంగతి ఏ పోర్టల్లోనూ లేదు.