పేరు మారిస్తే ఊరు సొంతమైపోతుందా?

ఉక్రెయిన్‌లోనూ ఒక న్యూయార్క్ ఉంది. దొనెత్స్క్ ప్రాంతంలో, యుద్ధానికి ముందు దాదాపు 10 వేల మంది బతికిన ఊరు. 2024 ఆగస్టులో దాన్ని పట్టుకున్నామని రష్యా రక్షణ శాఖ ప్రకటించింది. ప్రకటనలో ఊరి పేరు మాత్రం నొవ్‌గొరొద్‌స్కొయె. 1951లో, అమెరికా పేరు వింటేనే మాస్కోకు గిట్టని సోవియట్ రోజుల్లో, న్యూయార్క్‌ను తీసేసి పెట్టిన పేరది. సైన్యంతో పాటు ఆ సోవియట్ పేరూ ఊళ్లోకి వచ్చింది.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే.

19వ శతాబ్దంలో జర్మన్ మెనొనైట్ (ఒక క్రైస్తవ శాఖ) రైతులు అక్కడ స్థిరపడి కట్టుకున్న ఇటుక ఇళ్లు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. ఆ జర్మన్లను 1941లో స్టాలిన్ ప్రభుత్వం రైళ్లెక్కించి తరిమేసింది. మనుషులు ముందు పోయారు, పదేళ్లకు పేరు పోయింది. స్థానికులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 2021 జులై 1న ఉక్రెయిన్ పార్లమెంటు న్యూయార్క్ అనే పేరు తిరిగి ఇచ్చింది. 1938 నుంచి ఊరికి ఉన్న 'పట్టణ తరహా' (పల్లెకూ పట్టణానికీ మధ్యస్థమైన సోవియట్ కాలపు) హోదా 2024 జనవరిలో రద్దయింది. అదీ మార్పే. కానీ దేశమంతటికీ ఒకే చట్టంతో, సొంత పార్లమెంటు చేసుకున్న మార్పు. ఫిరంగులతో చేసే మార్పును దీని పక్కన ఎలా పెడతాం?

రష్యాతో పాత స్నేహం, చౌక చమురు, ఆయుధాల విడిభాగాలు... ఢిల్లీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. అయినా దొనెత్స్క్ సహా నాలుగు ప్రాంతాలను రష్యా కలిపేసుకోవడం చెల్లదని 2022 అక్టోబర్ 12న ఐరాసలో 143 దేశాలు ఓటేస్తే, తటస్థంగా కూర్చున్న 35 దేశాల్లో మనదీ ఒకటి. అదే ఢిల్లీ, 2024లో అరుణాచల్ ఊళ్లకు, కొండలకు చైనా 30 కొత్త పేర్లు ప్రకటిస్తే, కల్పించిన పేర్లతో వాస్తవం మారదని గట్టిగా చెప్పింది. సరిగ్గానే చెప్పింది. మరి ఆ మాట దొనెత్స్క్‌కు వర్తించదా? మన కొండకు ఒక న్యాయం, వాళ్ల ఊరికి ఇంకో న్యాయమా?

ఇప్పుడు శాంతి చర్చల పేరుతో దొనెత్స్క్ మొత్తాన్ని వదిలేసుకోమని ఉక్రెయిన్‌పై ఒత్తిడి తెస్తున్నారు. ఇప్పుడైనా మన విదేశాంగ శాఖ నోరు విప్పాలి. అరుణాచల్‌పై బీజింగ్ నుంచి మరో జాబితా వచ్చిన రోజున, మాకు మద్దతివ్వండని ఆ 143 దేశాలను ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు?