శిలాఫలకం మీద చోటు చాలలేదట

మా నాయనమ్మ పోయింది. మొన్న ఆమె ఆదరణ కూడిక అయింది. గుంటూరులో, మా ఇంటి ముందే షామియానా వేసి పెట్టాం. ఆరుగురు మాట్లాడారు. ముగ్గురు పాస్టరయ్యగార్లు, ఇద్దరు సంఘ పెద్దలు, ఒకాయన వచ్చే ఎన్నికల్లో నిలబడతాడట. ఆయన మా వీధి సైడు కాలవ గురించి కూడా హామీ ఇచ్చి వెళ్లాడు. ఆరుగురిదీ ఒకటే మాట: "ప్రార్థనాపరురాలు, నెమ్మదిపరురాలు." మా నాయనమ్మ మొహం ఎరగనివాళ్లు కూడా చెప్పగలిగే మాట అది. ఫ్లెక్సీ మీద ఫొటో మార్చి, రేపు ఇంకొకరింటి ముందు కూడా అదే చెబుతారు.

ప్రార్థన చేసేది, కాదనను. తెల్లారుజామున నాలుగింటికి లేచి మా అందరి పేర్లూ వరసగా దేవుడికి అప్పజెప్పేది. నేను పదో తరగతి లెక్కల్లో తప్పిన సంగతి మా వీధికి తెలిసింది ఆ ప్రార్థన వల్లే.

కానీ ఆ ప్రార్థన అయ్యాక ఆమె ఎక్కడికి వెళ్లేదో ఒక్కరూ చెప్పలేదు. మిర్చి పనికి వెళ్లేది. సీజనంతా గోనె పట్టా మీద కూర్చుని కాయలకు తొడిమలు తీసేది. సాయంత్రం వచ్చాక ఎంత కడిగినా మంట పోయేది కాదు, మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చునేది. చిన్నప్పుడు మేం ఏడిస్తే ఆ చేత్తో కళ్లు తుడవడానికి లేదు కదా, మోచేయి మెడ చుట్టూ వేసి దగ్గరికి లాక్కునేది. ఇప్పటికీ నాకు ఆప్యాయత అంటే మోచేయే గుర్తొస్తుంది. ఆమె పక్కన ఎవరు కూర్చున్నా తుమ్మేవాళ్లు, ఆమె మాత్రం తుమ్మేది కాదు.

నలభై దాటాక చదువు నేర్చుకుంది. కీర్తనలన్నీ ముందే నోటికొచ్చు. పుస్తకం ముందు పెట్టుకుని, పాడుతూ పాట వెంట వేలు నడిపిస్తూ అక్షరాలు పట్టుకుంది. ఒక్కటే చిక్కు. కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేస్తారు కదా, "ఆది తాళం" అని కూడబలుక్కుని, ఈ ముక్క పాటలో ఎక్కడా రాదేంట్రా అని నన్నడిగేది.

ఇక బియ్యం సంగతి. ఎసట్లో పోసే ముందు ఆ బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి పాలపిండి డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి, అంటే మా చర్చికి, వెళ్లేది. స్త్రీల సమాజం వాళ్లు అందరి బియ్యం కలిపి అమ్మి డబ్బు కూడబెట్టేవారు. ఇంట్లో నూకలే మిగిలిన నెలల్లోనూ ఆ పిడికెడు ఆగలేదు. మా బాబాయి ఒకసారి గట్టిగా అడ్డుపడితే, "పిడికెడు తీస్తే కుండేం ఏడవదులేరా" అంది. కోతపండక్కి పెరట్లో సొరకాయ కూడా ఇచ్చేది. దాన్ని వేలంలో ఎవరో మోతుబరి అయిదొందలకి పాడుకుంటే ఆయన పేరు ఏడాదంతా చెప్పుకున్నారు. సొరకాయ ఎవరిదో ఎవరికీ పట్టలేదు.

అలా పోగైన బియ్యం డబ్బుతోనే గుడి ప్రహరీలో సగం లేచింది. ప్రారంభం రోజున ప్రసంగం దేనిమీదో తెలుసా? బైబిల్లో తనకున్న రెండు కాసులూ కానుక వేసిన బీద విధవరాలి మీద! అది అయ్యాక శిలాఫలకం మీద తెర తీశారు. అమెరికా దాతలు, డాక్టరుగారి కుటుంబం, కమిటీ పేర్లు. నాయనమ్మ దగ్గరికెళ్లి వేలు పెట్టి మొత్తం చదివింది. రెండోసారి కూడా చదివి, అందరి ముందూ అడిగింది: "స్త్రీల సమాజం అని ఒక్క ముక్క చెక్కించలేకపోయారా అయ్యగారూ?"

చోటు చాలలేదన్నారాయన. పరలోకంలో రాసుంటుందిలే అమ్మా అని నవ్వారు.

"అక్కడిది ఆయన రాసుకుంటాడు. ఇక్కడ రాసేది మీరేగా?"

ఇదీ మా నెమ్మదిపరురాలు.

గుంటూరు సంఘాల్లో వార్షికోత్సవం అంటే మిషనరీ హయ్యరు దొర 1842లో వచ్చాడన్న దగ్గర మొదలవుతుంది. చెప్పాలి, చెప్పొద్దనను. 1883లో వచ్చిన మిషనరీ డాక్టరమ్మ కుగ్లర్ గురించి మా నాయనమ్మే ఎంతో గొప్పగా చెప్పేది. 1898లో ఆమె తెరిచిన ఆస్పత్రిలోనే తను పుట్టిందట. కుగ్లర్ 1930లోనే పోయింది, నాయనమ్మ పుట్టింది ఆ తర్వాతే. అయినా ఎదురుగా చూసినట్టు "మా డాక్టరమ్మ" అనేది. సముద్రం దాటి వచ్చినవాళ్ల పేర్లూ సంవత్సరాలూ మనకు కంఠతా వచ్చు. ఇక్కడే పుట్టి పిడికెళ్లు తీసినవాళ్ల పేర్లు మాత్రం ఏ రిజిస్టర్లోనూ కనపడవు.

ఇంత రాస్తున్నాను కదా, ఆ రోజు కుటుంబం తరఫున మైకు ఇచ్చింది నాకే. ఎదురుగా పెద్దలంతా కూర్చున్నారు. "మా నాయనమ్మ చాలా ప్రార్థనాపరురాలు" అని చెప్పి దిగిపోయాను. మిర్చి మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇప్పుడు సమాధి రాయి చెక్కించాలి. నాన్న రాసిచ్చిన కాగితంలో తాతయ్య పేరు, ఆమె పేరు, ప్రభువునందు నిద్రించిన తేదీ ఉన్నాయి. కింద "మిర్చి కూలి, స్త్రీల సమాజ సభ్యురాలు" అని నేను కలిపాను. నాన్న "కూలి" కొట్టేశారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, పండగ రోజు వచ్చినవాళ్లు చదువుతారు అంటున్నారు. నేను మళ్లీ రాశాను. రాయి చెక్కే ఆయన అక్షరానికింత అని లెక్కేసి, ఆఖరి మాట చెప్పండి అంటున్నాడు. ఈస్టరు లోపు రాయి వెయ్యాలి. కాగితం ప్రస్తుతం నా దగ్గరే ఉంది.