నోట్లో ఇనుము లేకపోతే గుర్రం మాట వినదా?

ఇవాళ పొద్దున మొయినాబాద్ వైపు మేం రైడింగ్ చేసే గ్రౌండ్‌లో ఒకాయన నా గుర్రం మొహం చూసి, నలుగురూ వినేలా, "ఏంటి మేడమ్, లగాం లేకుండా తాడు కట్టుకొచ్చారు? ఇది గుర్రమా, మేకపిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. అంతటితో ఆగి ఉంటే ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు. నేను దిగి నీళ్ళు పెడుతుంటే పక్కకొచ్చి, నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా పగ్గం పట్టుకుని గట్టిగా లాగాడు. "అసలు ఆగుతుందా ఇది?" అని పరీక్షట! నా గుర్రం మీద చెయ్యి వేయడానికి ఎవరయ్యా నువ్వు? ఇంటికొచ్చి టిఫిన్ తిన్నా కోపం దిగలేదు.

అది తాడు కాదు. సైడ్‌పుల్ అంటారు, బిట్ (గుర్రం నోట్లో పెట్టే ఇనప కడ్డీ) లేని కళ్ళెం. ముక్కు మీద మెత్తటి తోలు పట్టీ, అటూ ఇటూ రెండు రింగులు, వాటికి పగ్గాలు. కుడి పగ్గం అందుకుంటే ముక్కు కుడికి తిరుగుతుంది. నోట్లో ఏమీ ఉండదు. ఆయనకు మింగుడుపడనిది అదే.

ఆయన ఎప్పుడైనా గుర్రం నోరు తెరిచి చూశాడా? ముందు పళ్ళకీ వెనక దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ ఎముక అంచు మీద పల్చటి చిగురు తప్ప ఇంకేమీ ఉండదు, వేలు పెడితే ఎముక తెలుస్తుంది. బిట్ ఉండేది సరిగ్గా అక్కడే, నాలుకను నొక్కుతూ. దాన్ని పట్టుకుని లాగడమే రైడింగ్ అనుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమందో.

నాది పాత రేసు గుర్రం. రేసు గుర్రాల్ని రెండేళ్ళ వయసుకే పరుగులోకి దించుతారు. ముందు పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు రావడం మొదలయ్యేది రెండున్నరేళ్ళకి, పూర్తయ్యేసరికి దాదాపు ఐదేళ్ళు. అంటే పళ్ళు మారే వయసంతా నోట్లో ఇనుమే. పైగా అక్కడ దానికి నేర్పేది ఏమిటి? జాకీ పగ్గం బిగబడితే బిట్ మీద ఆనుకుని ఇంకా జోరుగా పరుగెత్తమని. అలా పెరిగినదాన్ని తెచ్చి, పగ్గం లాగితే ఆగమంటే ఎలా ఆగుతుంది? లాగేకొద్దీ ఉరుకుతుంది. దానికేమో మొండి గుర్రం అని పేరు.

నా దగ్గరికి రాకముందు దాన్ని బాగుచేస్తామని చేసిన పనులు వింటే కడుపు రగిలిపోతుంది. మామూలు స్నాఫిల్ బిట్‌తో తల ఎగరేస్తోందని మెలితిప్పిన తీగ బిట్ పెట్టారు. నోరు తెరుస్తోందని ముక్కు పట్టీ బిగించేశారు. తల పైకెత్తుతోందని మార్టింగేల్ అనే పట్టీ కట్టారు. నొప్పి అని చెప్పుకోవడానికి ఆ మూగజీవికి ఉన్న దారులన్నీ ఒక్కొక్కటే మూసేసి, చివరికి "దీనికి పొగరు, అమ్మేయండి" అన్నారు.

"ఇది మొండిది కాదమ్మా, నోరు నొప్పి పెడుతోంది" అని మొట్టమొదట చెప్పింది మా సాయీస్ చాచా, అంటే గుర్రాల్ని చూసుకునే ఆయన. చిన్నప్పటి నుంచీ గుర్రాల మధ్యే బతికిన మనిషి. పాత చోట కూడా ఈ మాటే చెప్పాడట, ఎవరూ చెవిన పెట్టలేదు. అదే మాట బూట్లు, హెల్మెట్ వేసుకున్న కోచ్ ఇంగ్లీషులో చెప్పి ఉంటే అందరూ తలూపేవాళ్ళు. దాణా పెట్టేది, నాడాలు చూసేది, రాత్రి కడుపు నొప్పి వస్తే పక్కన నిలబడేది సాయీస్. సలహా అడిగేటప్పుడు మాత్రం ఆయన ఎవరికీ కనపడడు. దీని గురించి ఇంకోసారి రాస్తాను, రాయాల్సింది చాలా ఉంది.

డాక్టర్‌ని పిలిపించి, మత్తు మందు ఇచ్చి, నోరు తెరిచి టార్చ్ వేసి చూశాం. దవడ పళ్ళ అంచులు గీరుకుని బుగ్గ లోపల పుండు పడి ఉంది. బిగించిన ముక్కు పట్టీ ఆ బుగ్గని ఆ పళ్ళకేసే అదిమింది మరి. బిట్ తగిలే చోట, దవడ పళ్ళకు ముందు, వుల్ఫ్ టూత్ అనే చిన్న అదనపు పన్ను. నాలుక అంచు మీద పాత గాటు మానిన తెల్లటి గీత. పంటి నొప్పితో ఉన్నవాడి దవడ మీద కొట్టి, ఎందుకు అరుస్తున్నావని అడిగినట్టే కదా ఇన్నాళ్ళూ దానితో చేసింది!

పళ్ళు అరగదీయించి, ఆ పన్ను తీయించి, పుండు మానాకే సైడ్‌పుల్ వేశాం. వెంటనే ఎక్కలేదు. ముందు కింద నిలబడే పక్కకి తిప్పడం, ఆపడం, రెండడుగులు వెనక్కి వేయించడం. తర్వాత కంచె లోపల నడక మాత్రమే. పట్టీ ఎక్కడ పడుతుందనేది చాలా ముఖ్యం. చెంప ఎముక కింద రెండు వేళ్ళ దూరంలో, గట్టి ఎముక మీద ఉండాలి. కిందికి జారితే ముక్కు చివర సన్నటి ఎముక మీద పడుతుంది, శ్వాసకూ అడ్డం. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కే దాని ప్రాణం. ఇంకో మాట, బిట్ లేదన్నంత మాత్రాన ప్రతిదీ మెత్తన కాదు. పొడుగు కాడలున్న మెకానికల్ హ్యాకమోర్ అనే బిట్ లేని కళ్ళెం లీవర్ లాగా పనిచేస్తుంది, మొరటు చేతిలో అదీ హింసే. పేరు విని కొనేయకండి.

ఇప్పుడు నా గుర్రం తల దించి, మెడ వదులు చేసి నడుస్తోంది. బుల్లెట్ బండి సైలెన్సర్ మోతకి ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. కానీ కళ్ళెం చూడగానే తల పైకెత్తి పారిపోయేది కదా, ఇప్పుడు తనే ముక్కు పట్టీలో దూరుస్తుంది. నాకు అది చాలు.

"మరి బ్రేకులో?" అంటారు. దాదాపు ఐదువందల కిలోల జంతువుని మీరు భుజబలంతో ఆపుతున్నారా? నోట్లో బిట్ ఉన్న గుర్రాలు పట్టు తప్పి పరుగెత్తడం మీరెవరూ చూడలేదా? ఆగడం అనేది నేర్పితే వస్తుంది. ఇంటర్నేషనల్ పోటీల్లో బిట్ ఉంటుంది కదా అంటారు. గుర్రం నడకల్ని, కదలికల్ని చూసి మార్కులిచ్చే డ్రెసాజ్‌లో ఉండాలి, నిజమే. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్ళు డ్రెసాజ్ టీమ్ గోల్డ్ తెస్తే నేనూ ఎగిరి గంతేశాను. కానీ షో జంపింగ్‌లో బిట్ లేకుండా కూడా దిగనిస్తారు. అయినా ఆ రైడర్ల చేతులు వేరు, ఆదివారం ఆదివారం వచ్చే మన చేతులు వేరు. తూలినప్పుడల్లా మనం పట్టుకుని వేలాడేది పగ్గాలనే, అంటే దాని నోటినే.

ఇదంతా రాస్తుంటే అసలు మంట ఇంకోటి గుర్తొస్తోంది. బరాత్ గుర్రాలు! కిందటి పెళ్ళిళ్ళ సీజన్‌లో మా బంధువుల బరాత్‌లో చూశాను. ఒక పక్క మార్ఫా, ఒక పక్క డీజే, కాళ్ళ దగ్గరే టపాసులు. తెల్ల గుర్రం నోటి నురగలో ఎర్ర చారలు. వంగి చూస్తే లగాంకి లోపలి వైపు ముళ్ళు. నేను గోల చేస్తే మా పెద్దాయన "శుభకార్యంలో ఇవేం మాటలమ్మా" అని నన్నే పక్కకు లాగాడు. రక్తం కనపడుతుంటే శుభకార్యం చెడలేదు, నేను మాట్లాడితే చెడిందా? ముళ్ళ లగాం వాడకూడదని 1965 నుంచి కేంద్రం రూల్స్ ఉన్నాయి. జంతు హింస నివారణ చట్టం కింద తెచ్చినవే. అరవై ఏళ్ళు! ఆ గుర్రం యజమానిని ఒక్కడినే తిట్టి లాభం లేదు. బుక్ చేసేది మనం. పూలకి, లైట్లకి గీచిగీచి బేరమాడతాం, "లగాం తీసి చూపించు భాయ్" అని అడగడానికి మాత్రం నోరు రాదు.

మా చిన్నాన్న కొడుకు పెళ్ళి దగ్గర పడింది. గుర్రం పెడితే నేను బరాత్‌కి రానని చెప్పేశాను. పిన్ని అలిగింది, ఫోన్ ఎత్తడం లేదు. అలగనివ్వండి. కారు మాట్లాడేదాకా నేను దిగిరాను.