వారసులను అడగని స్మారకం

నాయకులు కన్నుమూయగానే వారి ఇంటిని స్మారకం చేస్తామని ప్రకటించడం ప్రభుత్వాలకు తేలిక. ఆ ఇల్లు ఇప్పుడు ఎవరిదో తేల్చడం దగ్గరే చిక్కంతా. చెన్నై పోయెస్ గార్డెన్‌లోని జయలలిత నివాసం ‘వేద నిలయం’ వ్యవహారం అలాగే బెడిసికొట్టింది. 2017 ఆగస్టులో ప్రకటన వెలువడింది. 2020 జులైలో దాదాపు రూ.68 కోట్ల పరిహారం సివిల్ కోర్టులో జమచేసి ఇల్లు సర్కారుదైపోయిందన్నారు. అందులో సగానికి పైగా ఆమె ఆదాయపు పన్ను బకాయిల లెక్కే. మేనకోడలు దీప, మేనల్లుడు దీపక్ చట్టబద్ధ వారసులని అదే ఏడాది మే నెలలో హైకోర్టు తేల్చింది. అయినా వారి వాదన వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. 2021 నవంబరు 24న మద్రాస్ హైకోర్టు సేకరణను కొట్టేసి, తాళాలు వారసులకు ఇచ్చేయమంది. మెరీనా తీరంలో ఒక స్మారకం ఉండగా రెండోది ఏ ప్రజాప్రయోజనం కోసమనీ నిలదీసింది.

2013 భూసేకరణ చట్టంలో మార్గం స్పష్టంగానే ఉంది. సామాజిక ప్రభావ అంచనా, సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్, ఆపై అభ్యంతరాలకు 60 రోజులు. స్థలం అనువైనదా, ప్రయోజనం నిజంగా ప్రజలదేనా అని యజమాని ప్రశ్నించవచ్చు. కలెక్టర్ విచారణ జరిపి నివేదిక పంపాలి. ఆ తర్వాతే సేకరణ ఖాయమని చెప్పే సెక్షన్ 19 డిక్లరేషన్, పరిహారం తేల్చే ఉత్తర్వు (అవార్డు). సెక్షన్ 40 అత్యవసర అధికారం రక్షణ, జాతీయ భద్రత, ప్రకృతి విపత్తుల వంటి వాటికే. స్మారకానికి ఆ దారి మూసుకున్నట్టే.

పొరపాటు ఎక్కువగా 60 రోజుల దగ్గరే జరుగుతుంది. రికార్డుల్లో ఇంకా చనిపోయినవారి పేరే ఉంటుంది; ఆ పేరుకే నోటీసు తయారవుతుంది! వారసులు అభ్యంతరం పెడితే ‘పరిశీలించి తోసిపుచ్చడమైనది’ అని ఒక్క ముక్కలో ఫైలు ముగుస్తుంది. కారణాలు రాయని ఆ ముక్కే కోర్టులో ప్రభుత్వాన్ని ముంచుతుంది. పరిహారం మొత్తానికి సమానంగా 100 శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే ఊరట సొమ్ము), మార్కెట్ విలువపై ఏటా 12 శాతం అదనం కలిపి కట్టినా ఫలితం ఉండదు. పంపకాల తగాదా ఉంటే సొమ్ము జమచేయడం సబబే. వినకపోవడానికి మాత్రం అది జవాబు కాదు.

స్మారకం కావాలనుకుంటే ముందు వారసులెవరో తేల్చుకుని, వారితో బేరమాడి రిజిస్టర్డ్ దస్తావేజుతో కొనడమే మేలని మా అభిప్రాయం. అమ్మం అంటే ప్రభుత్వ స్థలం చూసుకోవాలి. ప్రకటన ఆ తర్వాతే చేయాలి.