కాలు 30 శాతం, కూలి నూరు శాతం

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీని, రోడ్డు పక్కన నడుస్తుండగా అడ్డగోలుగా వచ్చిన కారు గుద్దిందనుకుందాం. కాలు విరిగింది, రాడ్డు వేశారు, ఎముక అతికింది. మోకాలు మాత్రం పూర్తిగా మడవడం లేదు. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యమని రాసిచ్చింది. ఆ కాగితం హనుమకొండ అదాలత్ సెంటర్లోని కోర్టుకు చేరాక వేసే పరిహారం లెక్కతోనే నా పేచీ.

ఆయన వయసు 38. నెల సంపాదన పదివేలని ఆ కోర్టు, అంటే ప్రమాద పరిహారాలు తేల్చే ట్రైబ్యునల్, అంచనా వేసిందనుకుందాం. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పట్టిక ప్రకారం ఆ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, 15. ఏడాదికి 1.20 లక్షల చొప్పున 18 లక్షలు. అందులో 30 శాతం, అంటే 5.40 లక్షలు. వైద్య ఖర్చులు, బాధకు ఇచ్చేది వేరే. కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ 30 శాతం దేనిలో?

మోకాలు వంగని మనిషి బస్తాలో 30 శాతం తగ్గించుకుని మోయలేడు. మోస్తే మొత్తం బస్తా మోయాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలి. అదే మోకాలు బ్యాంకు ఉద్యోగిదైతే నెల జీతంలో రూపాయి తగ్గకపోవచ్చు. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. అవయవ వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు, మనిషి చేసే పనిని బట్టి రెండోదాన్ని తేల్చాలని 2010లోనే రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలా చూస్తే హమాలీ సంపాదన నష్టం నూరు శాతం, అంటే 18 లక్షలు. 40 ఏళ్ల లోపు స్వయంగా సంపాదించుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠి తీర్పు చెప్పింది. గాయాల కేసులకూ అది వర్తిస్తుందని తర్వాతి తీర్పులు తేల్చాయి. అది కలిపితే 25.20 లక్షలు. 30 శాతం లెక్కకు అదే కలిపినా 7.56 లక్షలే. ప్రమాదం అదే, చట్టమూ అదే. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన డాక్టరును ‘ఈయన ఇక బస్తా మోయగలడా?’ అని వకీలు అడిగాడా లేదా అన్నదే తేడా. ఆ ప్రశ్న ఖరీదు 17 లక్షలకు పైనే!

కూర్చుని చేసే మరో పని చూసుకోవచ్చు కదా అంటారు బీమా కంపెనీవాళ్లు. బడి మొహం చూడని మనిషికి ఆ పని వరంగల్‌లో ఎక్కడుందో కూడా వాళ్లే చూపించాలి. ఇక ఆ పదివేల అంచనా సంగతి. జీతం చీటీ లేనివాడి ఆదాయం ఎప్పుడూ కిందిమెట్టు నుంచే ఎందుకు మొదలవుతుంది? రోజుకు ఎన్ని బస్తాలు ఎత్తుతాడో తోటి హమాలీని పిలిచి అడిగితే తెలుస్తుంది.

నడిచేవాళ్లదీ తప్పుంటుంది, చూసుకోకుండా అడ్డం వస్తే డ్రైవర్ ఏం చేస్తాడు అనే వాదన ఉంది. కొన్నిసార్లు నిజమే. అప్పుడు తప్పు ఎంతో తేల్చి పరిహారంలో ఆ మేరకు కోత పెడతారు. అయితే ఆ తప్పును బీమా కంపెనీ రుజువు చేయాలి, నడిచేవాడు రోడ్డు మధ్యలో ఉన్నాడు కాబట్టి తప్పు అతనిదేనని అనుకుంటే చాలదు.

అసలు నడిచేవాడు రోడ్డు మధ్యలోకి ఎందుకొస్తాడు? హనుమకొండ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ దాకా ఒకసారి నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు, బైకులు, దుకాణాల బోర్డులు. లేనిచోట మురికికాలువ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32 వేలకు పైనే. నడవడానికి తగిన ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) కింద హక్కేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. సంతోషం. కానీ ప్రమాద పరిహారం కోరుతూ వేసే పిటిషన్ (ఎం.వి.ఓ.పి.) తిరగేస్తే ప్రతివాదులుగా కనిపించేది మామూలుగా డ్రైవర్, ఓనర్, బీమా కంపెనీ. ఫుట్‌పాత్ వేయనివాళ్లు, వేసి వదిలేసినవాళ్లు ఆ వరుసలో ఉండరు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించని అధికారులకూ కాంట్రాక్టర్లకూ జరిమానా పెట్టింది. గరిష్ఠంగా లక్ష రూపాయలు. అదీ ఆ చట్టం కింది ప్రమాద నిధికి పోతుంది, హమాలీ చేతికి రాదు.