పల్లం గారికి, పద్నాలుగో మెట్టు మీద నుంచి

నామ్చే బజార్,
మే 30

మహారాజశ్రీ పల్లం గారికి,

నమస్కారాలు. లేచి నిలబడి పెట్టవలసినవి, కూర్చునే పెడుతున్నాను. మన్నించాలి. ఈ లాడ్జీలో నా గది పై అంతస్తులో ఉంది, భోజనాల గది కింద ఉంది. మధ్యలో పద్నాలుగు చెక్కమెట్లు. ఈ ఉదయం వాటిని ఏడాది పిల్లవాడిలా కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగాను. కింద పొయ్యి దగ్గర లాడ్జీ యజమానురాలి మనవడు పాలు తాగుతున్నాడు. నాలుగేళ్ళుంటాయేమో. ఆ పద్ధతి తను ఎప్పుడో మానేశానన్నట్టు నా వంక జాలిగా చూశాడు.

మీ చలవే ఇదంతా.

నిన్న ఎవరెస్ట్ మారథాన్ పరుగెత్తాను. మొదలు ఎవరెస్ట్ బేస్ క్యాంపులో, ముగింపు ఈ నామ్చేలో. బేస్ క్యాంపు ఎత్తు 5,364 మీటర్లు. నామ్చే 3,440. తీసివేత నాకు వచ్చు. పోయిన సంక్రాంతికి హైదరాబాద్‌లో, ఇంట్లో అరిసెలు తింటూ ఈ లెక్క వేశాం. 1,924 మీటర్లు అచ్చంగా మీరే. "దిగుడే కదా బావా, జారుకుంటూ వచ్చేయవచ్చు" అన్నాడు మా బావమరిది. అంతమందిలో మీ మీద అనుమానపడింది మా అత్తగారొక్కరే. "కొండ మీద నుంచి ఊరికే ఎవరు దింపుతారు నాయనా?" అన్నారు. పెద్దవాళ్ళ మాట వినలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

నిన్న ఉదయం బయలుదేరగానే మీరు కనిపిస్తారని చూశాను. కింద మంచు, పైన రాళ్ళ గుట్టలు. ఒక గుట్ట ఎక్కితే ఇంకో గుట్ట. మామూలుగా దొరికే గాలిలో సగమే దొరికే చోట, గోరక్‌షెప్ దాకా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాం. మీరు ఇంకా నిద్ర లేవలేదేమోనని సరిపెట్టుకున్నాను. మీ దేశంలో సమతలమంటే కాస్త ఎక్కుడు, కాస్త దిగుడు అని దారి చూపేవాళ్ళు నవ్వుతూ చెప్పినప్పుడు నేనూ నవ్వాను. అప్పటికి నవ్వడానికి ఊపిరి ఉంది.

దింగ్‌బోచే దగ్గర ఇంకో తమాషా. 4,410 దాకా దిగి వచ్చిన మనిషిని మళ్ళీ లోయ పైకి, బిబ్రే దాకా పంపి, తిరిగి దింగ్‌బోచేకే రప్పించారు. అక్కడ పనేమీ లేదు, వెళ్ళి రావడమే. పక్క గదిలో ముద్ర వేయించుకు రమ్మనే గుమస్తా గుర్తుకొచ్చాడు. చలికి చచ్చిపోయిన చేతి గడియారం, చూయింగ్ గమ్ములా గట్టిపడిన తీపి పాకం పొట్లాలు, ఎదురొచ్చిన ప్రతిసారీ దారంతా తనదేనన్నట్టు నడిచే యాకు... వీటి సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఈ ఉత్తరం మీకే.

ఎందుకంటే తెంగ్‌బోచే నుంచి ఫుంకీ తెంగా దాకా మీరు నిజంగానే వచ్చారు. ఒక్కసారిగా, దాదాపు 600 మీటర్లు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన చుట్టం సామానుతో సహా దిగినట్టు దిగారు. రాళ్ళు, వేళ్ళు, ధూళి, మలుపు మీద మలుపు. అడుగు వేసినప్పుడల్లా బొటనవేళ్ళు వెళ్ళి బూటు ముక్కుకు గుద్దుకుంటాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాట చిన్నప్పటి నుంచి వాడుతున్నాను, అర్థం నిన్ననే తెలిసింది. ఇందాక మేజోళ్ళు విప్పి చూశాను. రెండు గోళ్ళూ నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఎడమది వేలితో నొక్కితే కింద నీళ్ళున్నట్టు కదులుతోంది.

ఇక తొడలు. ఎక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పని చేస్తుందట. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలట, బ్రేకు మీద కాలు తీయకుండా ఘాటు రోడ్డు దిగే లారీలా. అలా సాగడంలోనే లోపలి సన్నని పోగులు చిట్లుతాయి. నొప్పి అప్పటికప్పుడు రాదు, మర్నాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది. అంటే మీరు అప్పు ఇచ్చిన రోజు నవ్వుతూ ఇచ్చి, తెల్లారి వడ్డీకి మనిషిని పంపే రకం.

నా తప్పు లేదనను. ఆరు నెలలపాటు సాధన చేశాను. ఎక్కడ? అలిపిరిలో. 3,550 మెట్లు, నాలుగుసార్లు ఎక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా ఆగలేదని ఇంటికి ఫోను చేసి మరీ చెప్పుకున్నాను. దర్శనం, లడ్డూ, ఆ తర్వాత? అందరిలాగే బస్సెక్కి కిటికీ పక్కన కునుకు తీస్తూ కిందకు వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే మన పెద్దల తెలివి అర్థమవుతోంది. కొండ ఎక్కుతామని మొక్కుకున్నవాళ్ళే గాని, నడిచి దిగుతామని మొక్కుకున్నవాడిని మా ఇంటా వంటా చూడలేదు. 1953లో ఇదే మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరం ఎక్కారు. లోకమంతా వాళ్ళు ఎక్కిన రోజునే పండుగ చేసుకుంటుంది, తిరిగి దిగిన సంగతి ఎవరికీ పట్టదు. ఆ ఎక్కిన రోజున మమ్మల్ని దింపారు చూడండి.

అయినా ఫుంకీ తెంగా దగ్గర మీరు చేసిన పనిని క్షమించలేను. 3,250 మీటర్లు. నామ్చే 3,440లో ఉంది. అంటే గమ్యం కన్నా కిందకు దింపేశారు! వంతెన దాటగానే సనాసా దాకా నిట్టనిలువు ఎక్కుడు. ఇదేమి మర్యాద? ఇల్లు చూపిస్తానని తీసుకొచ్చి, ఊరు దాటించి వదిలేస్తారా? సిగ్గు లేదా మీకు? నీరు పల్లమెరుగు అంటారు. వంతెన కింద దూధ్ కోసి తెల్లగా నురగలు కక్కుతూ పోతోంది. దానికి మాత్రం మీరు ఒక్క చోట కూడా మాట తప్పలేదు. నేనేం పాపం చేశాను?

ఆ ఎక్కుడులో ఒక బండకు ఆనుకుని నిలబడిపోయాను. వీపున బుట్ట, బుట్ట మీద మూడు ప్లైవుడ్ పలకలు, నుదుటి మీద నుంచి వేసిన పట్టీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఒక ముసలాయన వచ్చాడు. పొట్టి కర్రను బరువు కింద ఆనించి, నిలబడే రెండు ఊపిర్లు తీసుకున్నాడు. నా ఛాతీ మీది నంబరు చూశాడు. "బిస్తారై, బిస్తారై" అన్నాడు. మెల్లగా అని. నేను అంతకన్నా మెల్లగా వెళ్ళాలంటే కూర్చోవాలి. ఆయన వెళ్ళిపోయాడు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. థుక్లా దాటాక ఒక పచ్చిక మైదానం ఉంది. ఎదురుగా ఆమా దబ్లం. అక్కడ మీరు ఉన్నట్టే తెలియదు, అంత కొద్దిగా వంగారు. పది నిమిషాలు కాళ్ళు నావి కావు, వాటంతటవే పోయాయి. ఆ పది నిమిషాలు చూసి మళ్ళీ మిమ్మల్ని నమ్మాను. అదే మీ ఎత్తుగడ కావచ్చు.

రేపు లుక్లాకు నడవాలి. దారంతా మీరేనని ఇక్కడ చెబుతున్నారు. దారి మధ్యలోని ఫాక్‌డింగ్ 2,610, చివరనున్న లుక్లా 2,860 అని గోడ మీది పటంలో నేను చూడలేదనుకుంటున్నారు.

భోజనానికి పిలుస్తున్నారు. మళ్ళీ పద్నాలుగు మెట్లు.

ఇట్లు,
మీ వల్ల కిందకు దిగలేకపోతున్న
ఒక హైదరాబాదీ

తా.క.: మా బావమరిది ఇప్పుడే ఫోను చేశాడు. వచ్చే ఏడాది తనూ వస్తాడట. దారి ఎలా ఉంటుందని అడిగాడు. దిగుడేనని చెప్పాను.