పది మందికి పంపే ముందు ఆ ఆరో పాయింటు చదవండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. మొదట మా కాలేజీ గ్రూపులో వచ్చింది. తర్వాత మా బావగారు పంపారు. నిన్న పొద్దున డాలస్‌లో ఉన్న మా తోడల్లుడు "కళ్లు చెమర్చాయి" అని పైన రాసి మరీ పంపాడు. పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమాలు, అమెరికన్ టీవీ వెస్టర్న్‌ల గురించి "ఆ రోజులు మళ్లీ రావు" అంటూ ఎనిమిది పాయింట్లు. పైన నటుడు గ్యారీ కూపర్ ఫోటో. చివర "నిజమైన సినిమా ప్రేమికులైతే పది మందికి పంపండి" అని ఒక ఆజ్ఞ.

ఆ సినిమాలంటే నాకూ ప్రాణం. సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో సగం డైలాగులు అర్థం కాకపోయినా కళ్లార్పకుండా చూసినవాణ్ణి. అందుకే ఈసారి చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

"చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని గన్‌స్మోక్, బొనాంజా చూసేవాళ్లం" అంటుంది మొదటి పాయింటు. ఎవరం చూశాం? హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే 1977లో. బొనాంజా 1973లో, గన్‌స్మోక్ 1975లో ముగిసిపోయాయి. ఎవరో అమెరికన్ పెద్దాయన తన బాల్యం గురించి రాసుకున్నదాన్ని తెలుగు చేసి, మన బాల్యం అని పంచుతున్నారు. మనకు దొరికినవి ఆదివారం మార్నింగ్ షోలు. ఆ సీరియళ్లు నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత, మా అమ్మాయి కొనిచ్చిన డీవీడీల్లో.

రెండోది, "హింస లేదు, పిల్లలతో కలిసి చూడొచ్చు" అని. గన్‌స్మోక్ తొలి సీజన్లు మొదలయ్యేదే హీరో మార్షల్ (అంటే ఊరి పోలీసు అధికారి) డిల్లన్ నడివీధిలో ఒకడిని కాల్చడంతో. ప్రతి వారం, కథ మొదలవకముందే. ఆ రోజుల్లో అమెరికాలో దీని మీద గొడవ జరగలేదనుకుంటున్నారా? 1961లో సెనేటర్ థామస్ డాడ్ టీవీ హింస పిల్లల మీద ఏం ప్రభావం చూపుతోందో తేల్చడానికి విచారణే పెట్టారు. అదే ఏడాది మే నెలలో ప్రసారాల నియంత్రణ సంస్థ అధిపతి న్యూటన్ మినో టీవీని విశాలమైన బీడుభూమి అన్నాడు. ఆ ప్రసంగంలో ఆయన తిట్టినవాటి జాబితాలో వెస్టర్న్‌లూ ఉన్నాయి. నెత్తురు కనిపించేది కాదు, నిజమే. తూటా తగిలినవాడు పొట్ట పట్టుకుని పడిపోయేవాడు, అంతే. చావును నొప్పి లేకుండా చూపించడాన్ని నేను శుభ్రత అనలేను. పైగా గన్‌స్మోక్‌కు డబ్బు పెట్టిన స్పాన్సర్లలో సిగరెట్ కంపెనీ ఉంది. అమెరికా టీవీలో సిగరెట్ ప్రకటనలు ఆగింది 1971 జనవరిలో. అన్నాళ్లూ పిల్లలు అమ్మానాన్నల పక్కన కూర్చుని చూసినవాటిలో అవీ ఉన్నాయి.

మూడోది చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టేశాను. "అప్పటి సినిమాల్లో రాజకీయాలు లేవు" అట. బావగారూ, మీరు పంపిన మెసేజ్ పైనున్న ఫోటో హై నూన్ సినిమాలోది. 1952లో వచ్చింది. దాన్ని రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను, స్క్రిప్టు పని నడుస్తుండగానే, కమ్యూనిస్టుల్ని ఏరుతున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిచింది. తోటివాళ్ల పేర్లు చెప్పమంటే చెప్పనన్నాడు. ఆ తర్వాత హాలీవుడ్‌లో పని దొరక్క ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఊరంతా తలుపులు మూసుకుంటే ఒక్కడే నిలబడిన మార్షల్ కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంకా చెప్పాలా? వెస్టర్న్‌ల పెద్ద హీరో జాన్ వేన్‌కు ఆ సినిమా అమెరికా వ్యతిరేకంగా కనిపించింది. దర్శకుడు హోవర్డ్ హాక్స్, ఆయనా కలిసి 1959లో దానికి జవాబుగా రియో బ్రావో తీశారు. ఫోర్‌మన్‌ను దేశం నుంచి తరిమినందుకు తనకేమీ విచారం లేదని వేన్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా చెప్పాడు. ఒక సినిమాకు జవాబుగా ఇంకో సినిమా తీసేంత రాజకీయం ఉంది అందులో. మీరు పెట్టిన ఫోటోయే మీ మూడో పాయింటుకు సమాధానం.

"నటులంతా నిజమైన కౌబాయ్‌లు, గుర్రాలు నిజం, గ్రాఫిక్స్ లేవు." జాన్ వేన్ అయోవాలో పుట్టి, కాలిఫోర్నియాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడి, స్టూడియోలో సామాన్లు మోసే పనితో సినిమాల్లోకి వచ్చాడు. బెన్ జాన్సన్ లాంటివాళ్లు నిజంగా రోడియో (కౌబాయ్ విద్యల పోటీలు) ఛాంపియన్లే, ఒప్పుకుంటాను. అలాంటివాళ్లు కొద్దిమంది. గుర్రాలు మాత్రం నిజమే. కాళ్లకు తీగలు కట్టి పరుగులో పడేసేవారు. 1939 నాటి జెస్సీ జేమ్స్ సినిమా కోసం ఒక గుర్రాన్ని కొండ అంచు నుంచి నీళ్లలోకి తోస్తే అది చచ్చిపోయింది. ఆ గొడవ తర్వాతే జంతు సంరక్షణ సంఘం 1940 నుంచి హాలీవుడ్‌లో కాపలా కాయడం మొదలుపెట్టింది. గ్రాఫిక్స్ లేకపోవడం గొప్ప అనే ముందు ఆ గుర్రాన్ని తలుచుకోండి.

"మంచివాడికి తెల్లటోపీ, చెడ్డవాడికి నల్లటోపీ." హోపలాంగ్ కాసిడీ అనే కౌబాయ్ హీరో నల్లటోపీయే పెట్టుకునేవాడు. వదిలేయండి.

ఇక ఆరోది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "ఇవి కట్టుకథలు కావు, అమెరికా చరిత్ర. ఆటవికులైన రెడ్ ఇండియన్ల నుంచి దేశాన్ని కాపాడిన వీరుల గాథలు. మీ మనవలకు పాఠంలా చూపించండి."

ఏ దేశాన్ని? ఎవరి నుంచి కాపాడారు? ఇంట్లోకి చొరబడినవాడు ఇంటివాడి నుంచి ఇల్లు కాపాడుకున్నాడని మనవడికి చెప్పమంటారా?

జాన్ ఫోర్డ్ తీసిన ది సెర్చర్స్ తీసుకోండి. 1956 నాటిది. నేను కనీసం పదిసార్లు చూశాను. తెర మీద "టెక్సస్ 1868" అని పడుతుంది. తలుపు తెరుచుకుంటుంది, బయట ఎర్రటి రాతి స్తంభాలు. అది టెక్సస్ కాదు. అరిజోనా, యూటా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీ, నవాహోలనే మూలవాసుల నేల. 1864లో అమెరికా సైన్యం నవాహోల పంటలు తగలబెట్టి, పీచ్ తోటలు నరికి, ఆడా మగా పిల్లా పెద్దా అందర్నీ వందల మైళ్లు నడిపించి బోస్కే రెడోండో అనే చోట నిర్బంధించింది. ఆకలితో, జబ్బులతో ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్లు ఒప్పందం మీద సంతకం చేసి సొంత నేలకు నడుచుకుంటూ తిరిగొచ్చింది ఎప్పుడో తెలుసా? 1868లో. సరిగ్గా ఆ సినిమా తెర మీద వేసుకున్న సంవత్సరం.

ఆ తిరిగొచ్చినవాళ్ల సంతతికే ఫోర్డ్ యూనిట్ వేషాలిచ్చింది. తమ సొంత నేల మీద నిలబడి, తమ కథ కాకుండా, తెల్లవాళ్ల ఇళ్లు తగలబెట్టే కమాంచీలనే వేరే తెగవాళ్లుగా నటించారు. వాళ్ల నాయకుడు స్కార్ వేషం వేసిన హెన్రీ బ్రాండన్ బెర్లిన్‌లో పుట్టినవాడు. ఈ మాట తెలిశాక ఆ తొలి షాట్‌ను నేను మునుపటిలా చూడలేకపోయాను. ఇప్పటికీ చూస్తాను, కానీ చూసినంతసేపూ ఆ నడక గుర్తొస్తూనే ఉంటుంది.

ఇది ఒక్క సినిమా సంగతి కాదు. అపాచీ నాయకుడు కోచీస్‌గా తెల్లనటుడు జెఫ్ చాండ్లర్. మరో అపాచీ నాయకుడు జెరోనిమోగా నీలికళ్ల చక్ కానర్స్. లోన్ రేంజర్ సీరియల్లో హీరో సహచరుడు టోంటో వేషం వేసిన జే సిల్వర్‌హీల్స్ మాత్రం నిజంగా మోహాక్ జాతివాడు. ఆయన చేత ఏళ్ల తరబడి వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడించారు. టోంటో అంటే స్పానిష్‌లో తెలివితక్కువవాడు అని అర్థం. ఆ మనిషి తర్వాత లాస్ ఏంజెలెస్‌లో తనవాళ్లకు నటన నేర్పే వర్క్‌షాప్ మొదలుపెట్టాడు.

పాఠం చెప్పాలనుకుంటే శాండ్ క్రీక్ గురించి చెప్పండి. 1864 నవంబర్ 29న కొలరాడోలో షయెన్, అరపాహో జనం శాంతి కుదిరిందని నమ్మి గుడారాలు వేసుకుని ఉంటే, కర్నల్ చివింగ్టన్ సైన్యం తెల్లవారుజామున మీదపడింది. గుడారం మీద అమెరికా జెండా ఎగురుతూనే ఉంది. చనిపోయిన సుమారు 230 మందిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. "ఆటవికులు" అనే మాట టైపు చేసినవారు ఈ రోజును ఏమని పిలుస్తారో చెప్పాలి.

1971లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో జాన్ వేన్, ఆ నేలను వాళ్ల దగ్గర్నుంచి తీసుకోవడం తప్పేమీ కాదని, స్వార్థంతో దాన్ని తమకే ఉంచుకోవాలని చూశారని అన్నాడు. సొంత నేలను ఉంచుకోవాలనుకోవడం స్వార్థం! ఈ ఆరో పాయింటు తెలుగులో మళ్లీ చెబుతున్నది ఆ మాటనే.

మా వీధిలో ఆ ఆట ఉండేది. సినిమా చూసొచ్చిన రోజు సాయంత్రం అందరం కౌబాయ్‌లమే. అందరికన్నా చిన్నవాడి తలకు కోడి ఈకలు కట్టి, మొహానికి పసుపూ కుంకుమా పూసి "నువ్వు రెడ్ ఇండియన్" అనేవాళ్లం. వాడు పరిగెత్తాలి, మేం కర్రలతో కాల్చాలి, వాడు చావాలి. ఒకరోజు వాడు ఏడుస్తూ, ఈసారి తను కూడా కౌబాయ్ అవుతానన్నాడు. మేం ఒప్పుకోలేదు. ఆ పిల్లాడి మొహం నాకింకా గుర్తుంది. ఆ సినిమాలు మాకు నేర్పిన చరిత్ర పాఠం అది. దాన్ని మళ్లీ మనవలకు నేర్పమంటే నాకు కోపం రాదా?

కౌబాయ్‌ల చరిత్ర కూడా అందులో లేదు. పశువుల మందలు తోలినవాళ్లలో నలుగురిలో ఒకరు నల్లవారు ఉండొచ్చని చరిత్రకారుల అంచనా. బానిసగా పుట్టిన బాస్ రీవ్స్ డిప్యూటీ మార్షల్‌గా ముప్పై ఏళ్లకు పైగా నేరస్థుల్ని పట్టుకున్నాడు. మన మార్నింగ్ షోల్లో ఆయన ఎప్పుడైనా కనిపించాడా? రాంచ్, రోడియో, లాసో, ముస్టాంగ్, ఈ మాటలన్నీ స్పానిష్ నుంచి వచ్చినవే. ఆ పనే వకేరోలనే మెక్సికన్ పశువుల కాపరుల దగ్గర నేర్చుకున్నది. సినిమాల్లో మాత్రం మెక్సికన్ అంటే దొంగ, లేకపోతే వంటవాడు.

తుపాకీ లేనిదే ఊరు లేదన్నట్టు చూపించారు. అసలు గన్‌స్మోక్ కథ జరిగే డాడ్జ్ సిటీలో ఊళ్లోకి రాగానే ఆయుధాలు నిషేధం అని బోర్డు ఉండేది. 1881 అక్టోబర్ 26న టూంబ్‌స్టోన్‌లో జరిగిన ఓకే కొరాల్ కాల్పులకు ఒక కారణం, ఊళ్లో తుపాకీ పట్టుకు తిరగకూడదన్న నిబంధనే. మొత్తం అర నిమిషం పాటు సాగింది. చరిత్రకారుడు రాబర్ట్ డైక్‌స్ట్రా లెక్క ప్రకారం 1870 నుంచి 1885 దాకా కాన్సాస్‌లోని ఐదు పశువుల పట్టణాల్లో, డాడ్జ్ సిటీతో కలిపి, హత్యలు 45. చిన్న ఊళ్లకు అదేమీ తక్కువ కాదు, కానీ వారానికొక శవం మాత్రం కాదు.

ఏడో పాయింటు, "ఇప్పటివాళ్ల సున్నితత్వం వల్ల వెస్టర్న్‌లు ఆపేశారు" అని. 1958-59లో అమెరికా టీవీ రేటింగుల్లో మొదటి నాలుగూ వెస్టర్న్‌లే. అన్ని వచ్చాక జనానికి మొహం మొత్తింది. ఆ తర్వాత ప్రకటనలిచ్చేవాళ్లకు పట్నాల్లోని కుర్రకారు కావాల్సి వచ్చింది. దీనికింద బ్రాకెట్లో "మన కృష్ణగారి సినిమా కూడా ఈ పవిత్ర సంప్రదాయంలోదే" అని ఒక వాక్యం అతికించారు. మోసగాళ్లకు మోసగాడు నాకు ఎంతో ఇష్టం. కానీ 1971లో వచ్చిన ఆ సినిమాకు దారి చూపింది ఇటలీవాళ్లు స్పెయిన్‌లో తీసిన వెస్టర్న్‌లు. వాటిలో హీరో డబ్బు కోసం చంపేవాడు. పవిత్రతకూ వాటికీ సంబంధం లేదు.

ఎనిమిదోది, "చూపించకుండానే చెప్పేవారు" అని. దీన్నీ ఖండించాలనే కూర్చున్నాను. అది సెన్సారు భయం, కళ కాదు అని రాయబోయాను. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలైన సెన్సారు నియమావళి అంటే నాకు గౌరవం లేదు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమను చూపించనివ్వని నియమాలవి.

కానీ రాసే ముందు రాత్రి ది సెర్చర్స్ మళ్లీ పెట్టుకున్నాను. హీరో ఈథన్ (జాన్ వేన్) లోయలోంచి ఒంటరిగా గుర్రం మీద వస్తాడు. దిగి, కత్తి తీసి ఇసుకలో పొడుస్తాడు, మళ్లీ మళ్లీ. ఒంటి మీద కోటు ఉండదు. ఏమైందని అడిగితే చెప్పడు. తర్వాత తెలుస్తుంది, కమాంచీలు ఎత్తుకుపోయిన తన సోదరుడి కూతురు లూసీ శవాన్ని ఆ కోటులో చుట్టి తన చేతులతో పాతిపెట్టి వచ్చాడని. ఆ అమ్మాయి శవాన్ని మనకు చూపించరు. ఇప్పటి సినిమా అయితే మొత్తం చూపించి ఉండేది, నేను మర్చిపోయి ఉండేవాణ్ణి. లేని ఆ కోటు మాత్రం నలభై ఏళ్లుగా కళ్లముందు ఉంది. ఆ సంయమనం సెన్సారు బలవంతం మీద వచ్చిందైనా సరే, ఎనిమిదో పాయింటు నిజం. నేను ఒప్పుకుంటున్నాను.

ఆ దృశ్యం చూసినప్పుడల్లా కమాంచీల మీద కోపంతో నా పిడికిలి బిగుసుకుంటుంది. నిన్న రాత్రి కూడా బిగుసుకుంది, నవాహోల నడక గురించి ఇంత తెలిశాక కూడా.

బావగారూ, వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. ఆ సినిమా వేస్తాను. మా మనవడు కూడా ఉంటాడు, వాడికి పన్నెండేళ్లు. తొలి షాట్‌లో తలుపు తెరుచుకోగానే ఒక్క నిమిషం ఆపి, ఆ నేల ఎవరిదో, 1868లో అక్కడికి ఎవరు నడిచొచ్చారో వాడికి చెబుతాను. మీరు ఆ మెసేజ్‌లోంచి ఆరో పాయింటు తీసేసి పంపండి. ఆ పది మందికీ నేనే పంపుతాను.